ఓనరు కుడికాలు

నేను రిటైరయ్యింది ఇరవై అయిదో ఏట, మా చాల్ మెట్ల మీద. గదికో కుటుంబం ఉండే ఆ పాత బిల్డింగు రెండో అంతస్తు నుంచి దిగుతూ మా సేఠ్ మలుపులో ఆగి, "సోమవారం నుంచి రావద్దు" అన్నాడు. ఆ సమయానికి ఆయనకు ఎడమకాలికే సాక్సు ఉంది. కుడికాలిది చేతిలో ఉంది, పసుప్పచ్చగా, నీళ్లు కారుతూ.

ఇది విషాదం కాదు. రెండు నెలల తర్వాత వేరే చోట పని దొరికింది, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను. కానీ ఈ మధ్య మా గల్లీలో ఆడపిల్లలు ఒక్కొక్కరే ఆఫీసుల్లో చేరుతున్నారు. మెట్ల దగ్గర నన్ను ఆపి, "అక్కా, రిపోర్టు అంటే ఏం రాయాలె?" అని అడుగుతున్నారు. ఎదుటి మనిషి మొహం చూస్తూ వరసగా నాలుగు వాక్యాలు చెప్పడం నాకు రాదు. "తర్వాత చెప్తా" అని తప్పించుకుంటాను. ఆ 'తర్వాత' ఇదే. డైరీల్లోంచి ఏరి రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఇక్కడే ఉన్నారు, అందరికీ నోళ్లున్నాయి.

మా కంపెనీ ఇళ్లలో చెక్క నేలలకు నూనె పూసేది. మామూలు పాలిష్ చెక్క మీద అద్దంలా కూర్చుంటుంది. గీత పడిందా, నేల మొత్తం గీకి మళ్లీ వేయాలి. ఈ నూనెలో మైనం కలిపి ఉంటుంది. హార్డ్‌వాక్స్ ఆయిల్ అంటారు. తలకు రాసిన కొబ్బరినూనెలా ఇది లోపలికి ఇంకుతుంది. గీత పడితే ఆ ఒక్కచోట గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో కాస్త నూనె పూస్తే చాలు. అరిగినచోటే బాగుచేసుకోవచ్చు, దాని గొప్పంతా అదే. ఈ చిన్న నిజం చెప్పి అమ్మడం మా సేఠ్‌కి నామోషీగా ఉండేది. ఆయనకు 'అసలు అరగదు' అని చెప్పాలని ఉండేది.

నాది వారంటీ టేబులు. ఫోన్ల కంటే ఈమెయిళ్లు ఎక్కువ వస్తాయి కాబట్టి నాలాంటి దానికి ఇచ్చారు. ఫిర్యాదులన్నీ ఒక్కటే: నేల మసకబారింది. నా జవాబూ ఒక్కటే: ఫినాయిల్ వేశారా? వాళ్లు లేదంటారు. మూడో ఈమెయిల్లో 'పనిమనిషి వేసిందట' అంటారు. ఈ రెండింటి మధ్య నాకు బోలెడు ఖాళీ దొరికేది. ఆదివారాలు దాదర్‌లో తెలుగువాళ్ల లైబ్రరీకి వెళ్లి తెచ్చుకున్న నవలకి కంపెనీ బ్రోచర్ అట్ట వేసి, బల్ల కింద చదువుకునేదాన్ని. నేను బ్రోచర్లను అంత శ్రద్ధగా చదవడం చూసి సేఠ్ ముచ్చటపడేవాడు.

ఒకరోజు మీటింగులో సేఠ్ బల్ల గుద్దాడు. కస్టమర్లంతా 'ఎన్నేళ్లు నిలుస్తుంది?' అని అడుగుతున్నారట. బ్రోచర్లో రాసింది విదేశీ ఇళ్ల సంగతి. అక్కడ ఇంటికి ఇద్దరు మనుషులు, ఒక కుక్క. మన జనం, మన వానలు, మన బిందెలు తట్టుకుంటుందా? దానికి దేశీ రుజువు కావాలన్నాడు. అందరూ కిందికి చూస్తున్నారు. నాకేమయిందో తెలియదు.

"మా అవ్వ ఖోలీలో చెక్క నేల ఉంది సార్. తొమ్మిది మంది ఉంటారు" అన్నాను.

ఆ ఏడాది మీటింగుల్లో నేను మాట్లాడిన మొదటి వాక్యం అది. సేఠ్ నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఒక్క గదిలో తొమ్మిది మందా?"

"చుట్టాలొస్తే పదకొండు సార్."

ఆయన కళ్లు మెరిశాయి. ఆ గదిలో ఆరు నెలలంటే మామూలు ఫ్లాట్లో ఎన్నేళ్లవుతుందో వేళ్ల మీద లెక్క కట్టాడు. మా ఇంట్లో మనుషులు ఎక్కువని ఎవరైనా సంతోషించడం నాకు తెలిసి అదే మొదలు. ఆరు నెలలు రోజూ చూసి, నెలకొక రిపోర్టు రాయాలి, అది పూర్తయితే నన్ను పర్మనెంట్ చేస్తానన్నాడు.

"ఇల్లెక్కడ?"

"నాగ్‌పాడా సార్."

మా గల్లీ పిల్లలందరికీ ఈ జవాబు తెలుసు. పక్క పేట పేరు చెప్పడం మాకు స్కూల్లో చేరిన రోజే వస్తుంది. కానీ పని మొదలుపెట్టే కాగితం మీద పూర్తి అడ్రసు రాయాల్సి వచ్చింది. సేఠ్ అది చదివి కళ్లద్దాలు తీశాడు.

"కామాఠిపురా?" అన్నాడు గొంతు తగ్గించి. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుంటూ, "టెస్టు మంచిదే. నేను మాత్రం రాను. అక్కడ నన్ను ఎవరైనా చూస్తే, నేల చూడటానికి వచ్చానంటే నమ్ముతారా?" అన్నాడు.

కామాఠిపురా అంటే బయటివాళ్లకి ఒళ్లమ్ముకునే ఇళ్లే గుర్తొస్తాయి. నిజమే, మేమైనా నమ్మం.

అవ్వంటే మా నాయన తల్లి. పాలమూరు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఈ ఊళ్లో సగం బిల్డింగులకి సిమెంటు మోసింది తనేనంటుంది. నేలలు వేసే ముఠాలో యాభై ఏళ్లు పనిచేసింది. మేం కింది అంతస్తులో ఉంటాం, బండల నేల. అవ్వ, నాయన తమ్ముడైన మా కాక, చిన్నమ్మ, వాళ్ల పిల్లలు రెండో అంతస్తులో ఉంటారు. ఆ గది నేల మీద మూడు పొరల లినోలియం ఉండేది. కింద చెక్క ఉందని అందరికీ తెలుసు, పీకితే అవి టేకు పలకలని తేలింది. వాటిని ఎప్పుడు వేశారో చెప్పగల మనిషి చాల్‌లో ఎవరూ లేరు. ఆ చాల్ ఇవాళో రేపో కూలగొడతారని నా చిన్నప్పటి నుంచి వింటున్నాం. బిల్డింగు ఎన్నాళ్లుంటుందో దేవుడికే తెలియదు, నేలకు మాత్రం అయిదేళ్ల వారంటీ.

మా కంపెనీ మేస్త్రి కూడా పాలమూరు వాడే, ధారావిలో ఉంటాడు. తలుపు దగ్గర నుంచి మూలనున్న మోరీ దాకా, అంటే గిన్నెలు తోమే చోటు దాకా, ముందు సగం గీకి నూనె పూశాడు. వెనక సగం, వాళ్లు పడుకునే చోటు, అలాగే లినోలియంతో వదిలేశాడు. పని అయ్యాక నూనె గుడ్డల్ని బకెట్ నీళ్లలో ముంచాడు. ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయని చెప్పాడు. "గీ మనిషికి పని తెలుసు" అంది అవ్వ. ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు.

పోతూ పోతూ మేస్త్రి ఒక మాటన్నాడు. "అవ్వా, సేఠ్ వచ్చి చూసేదాక జర పైలంగ చూస్కో."

ఏ ఇంట్లో పని చేసినా మేస్త్రులు చెప్పే మాటే అది. రెండు రోజులు నూనె ఆరాలని అతని ఉద్దేశం. సేఠ్ ఎప్పటికీ రాడని అతనికి తెలియదు. నాకు తెలుసు, కానీ నేను పట్టించుకోలేదు. తలుపు పక్కన నిలబడి, సాయంత్రం డైరీలో 'నేల తేనెరంగులో ఉంది' అని రాయాలా, 'బెల్లం పాకంలా ఉంది' అని రాయాలా అని ఆలోచిస్తున్నాను.

రోజూ పొద్దున ఎనిమిదికి వెళ్లి, సాయంత్రం ఏడింటికి వచ్చేదాన్ని. రాగానే పైకెక్కి నేల చూసేదాన్ని. మా చాల్ చెక్కమెట్లు ఎక్కుతుంటే ఎవరు వస్తున్నారో మూడు అంతస్తులకీ తెలుస్తుంది.

"చిన్నమ్మా, ఇయ్యాల అందరూ నడిచిన్రా?"

"నడిచినం బిడ్డా."

"నీళ్లు పడ్డయా?"

"పడకుంట ఉంటయా?"

"తుడిచిన్రా?"

"ఎంటనే తుడిచినం."

అదంతా నిజమే. అందులో ఒక్క అబద్ధం లేదని చిన్నమ్మ ఇప్పటికీ వాదిస్తుంది.

నేల చూస్తే పూసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నా డైరీలో ఆ రోజుల్లో రాసుకున్నది ఇంతే: 'అవ్వ గది. నేల కొత్తగా ఉంది. ఆశ్చర్యం.' కానీ సేఠ్‌కి ఇంగ్లీషులో పంపే రిపోర్టు రెండు పేజీలుండాలి. కొత్తగా ఉంది అని రెండు పేజీలు ఎలా రాస్తాం? నేను చదువుకున్న నవలలన్నీ అప్పుడు అక్కరకొచ్చాయి. 'జోరువానలో తడిసిన పాదాలతో పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఒకడు గోళీలు ఆడాడు. నిండు బిందె చేయి జారి పడింది. నేల చలించలేదు.' నేల చలించలేదు అని ఇంగ్లీషులో రాసినప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. సేఠ్ ఆ వాక్యాన్ని కస్టమర్లకి నిలబడి చదివి వినిపించేవాడట.

అలా ఆరు రిపోర్టులు రాశాను. పగలు ఆ గదిలో ఏం జరుగుతుందో ఒక్కరోజు కూడా చూడలేదు. పిల్లలూ, మీరు అడిగే ప్రశ్నకి జవాబు నిజానికి ఇక్కడే అయిపోయింది. అయినా మిగతాది చెప్తాను, అందులో సాక్సు సంగతుంది.

ఆరో రిపోర్టు, మిగతా అయిదుతో కలిపి, ఒక ఆర్కిటెక్టు మేడం చేతికి వెళ్లింది. కొత్తగా కడుతున్న ఒక టవర్లో అన్ని ఫ్లాట్లకూ చెక్క నేలలు వేయిస్తోంది ఆమె. ఏ నూనె వేయాలో తేల్చేది కూడా ఆమే. రిపోర్టు చదివి, "ఈ నేలని కళ్లతో చూడాలి. ఆదివారం పొద్దున వెళ్దాం" అందట. సేఠ్ ముఖం పాలిపోయింది. కానీ అది టవరు. వస్తానన్నాడు.

శనివారం మాకు ఒంటిపూట. అవ్వకి ఈ కబురు చెప్పాలని మధ్యాహ్నం రెండింటికే చాల్ చేరాను. కొత్త చెప్పులు కరుస్తుంటే చేతిలో పట్టుకుని, వట్టి కాళ్లతో మెట్లెక్కాను. మెట్లు మూలగలేదు. తలుపు తీసి ఉంది.

లోపల పరంజా కట్టి ఉంది.

తలుపు నుంచి వెనక సగం దాకా, మోరీ దాకా, ఇటుకల మీద ఇటుకలు పేర్చి వాటి మీద పొడుగాటి పలకలు వేశారు. బిల్డింగు పని చేసేచోట వేసే పలకలే, సిమెంటు మరకలతో సహా. వాటి కింద నేల నిండా గోనెసంచులు పరిచి ఉన్నాయి. మా చిన్నమ్మ నడుం మీద నీళ్ల బిందెతో ఆ పలక మీద, మూడో అంతస్తు స్లాబుకి కంకర మోస్తున్నంత ఒడుపుగా నడిచి వస్తోంది. అవ్వ మంచం మీద కూర్చుని, "జర ఎడమకు, ఎడమకు" అంటోంది. కాక కొడుకు బడి సంచితో పలక చివర నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు.

నన్ను చూసి అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"గప్పుడే వచ్చినవేందే?" అంది అవ్వ, నేరం నాదే అయినట్టు.

"ఇదేంది అవ్వా?"

"ఏమున్నది? నేలను కాపాడుతున్నం."

"ఎన్ని రోజుల నుంచి?"

"నూనె ఆరిన దినం నుంచే. నువ్వు మెట్లెక్కే సప్పుడు ఇనంగనే తీస్తం. నువ్వు దిగినంక మల్ల ఏస్తం. కష్టమేం కాదు తియ్, అలవాటైంది."

చిన్నమ్మ వైపు తిరిగాను. "చిన్నమ్మా, రోజూ నడిచినం అన్నవు గద!"

"నడిచినం. పలక మీదనా, నేల మీదనా అని నువ్వు అడగలే."

"నేను నడిస్తే ఎందుకు ఊకున్నరు?"

"నువ్వు కంపెనీ మనిషివి" అంది అవ్వ. "నీ కాలు పడొచ్చు. మాది పడొద్దు."

"ఇది నీ ఇల్లు అవ్వా! నువ్వు నడువకపోతే ఎవరు నడుస్తరు?"

"ఇల్లు నాది. నూనె వాళ్లది." అవ్వ కొంగు సర్దుకుంది. ఇక మొత్తం చెప్పేదాకా ఆగదని నాకర్థమైంది. "యాభై ఏండ్లు పనిజేసిన. నేలేసినంక గోనె పరిచి, పలకేసి, పలక మీదికెల్లే నడిచినం. ఓనరొచ్చి కుడికాలు పెట్టినంకనే గోనె తీసుడు. మేస్త్రి చెప్పిండు గద, సేఠ్ వచ్చేదాక పైలమని. సేఠ్ ఆర్నెళ్లకొస్తడో, ఆరేండ్లకొస్తడో, నాకెందుకు? ఆయన నేల ఆయనకు అప్పజెప్పాలె."

నేను నేల మీద కూలబడ్డాను. కంపెనీ మనిషిని కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అరుగుదల చూడటానికి వేసిన నేల అది. దాని మీద పడ్డవి నా కాళ్లు మాత్రమే. రేపు పొద్దున పదింటికి మేడం వస్తుంది. గోళీలు, జోరువాన, చేయి జారిన బిందె, అన్నిటి కిందా నా సంతకం ఉంది.

"అవ్వా, దండం పెడ్త. రేపు సేఠ్, ఇంకో మేడం నేల చూడనీకి వస్తున్రు. ఇప్పుడన్న నడవండ్రి. అందరూ. సాయంత్రం దాక."

"రేపు ఓనరొస్తుంటే ఇయ్యాల తొక్కుతమా? పిచ్చి లేచిందా?"

"సేఠ్ వచ్చినంక నడుస్తం బిడ్డా" అని చిన్నమ్మ ఓదార్చింది. "ఆర్నెళ్ల నడక ఒక్కపూటల నడుస్తం, నువ్వు ఫికర్ చేయకు."

నేనే నడవడం మొదలుపెట్టాను. గోనెలు పక్కకి లాగి, తలుపు నుంచి మంచం దాకా, మంచం నుంచి తలుపు దాకా. తొమ్మిది మంది ఆరు నెలల నడక ఒక్క మధ్యాహ్నంలో ఒక్కదాన్నే నడవాలి. కాసేపటికి ఇలా కుదరదని చిన్నమ్మ చెప్పులు వేసుకుని కాళ్లు ఈడ్చబోయాను. అవ్వ మంచం దిగి వచ్చి నా కాళ్ల నుంచి చెప్పులు లాక్కుంది. పలక మీద వరసగా కూర్చుని పిల్లలు నన్ను చూస్తున్నారు. ఒకడు మాత్రం లెక్కపెడుతున్నాడు. వాడు నూటపది అనేసరికి నాకు ఏడుపొచ్చి కూర్చున్నాను.

అవ్వ వచ్చి పక్కన, గోనె మీద, కూర్చుంది. "గిన్ని ఇండ్లకు నేలలేసిన" అంది. "పాలు పొంగిచ్చే దినం ఒక్కడన్న పిలిచిండా? పనయిపోతె గేటు కాడనే ఆపుతరు. గీసారి పాలు నా ఇంట్ల పొంగుతయ్. ఓనరే నా కాడికి వస్తుండు. నువ్వు ఏడుస్తవేందే?"

నేను లేచి, పక్కకి లాగిన గోనెల్ని మళ్లీ పరిచాను.

ఆదివారం పొద్దున సేఠ్ వచ్చాడు. మూతికి మాస్కు, నెత్తిన టోపీ, నల్ల కళ్లద్దాలు, చినుకు లేకపోయినా గొడుగు. మామూలుగా వస్తే మా గల్లీలో ఎవరూ తల ఎత్తి చూసేవాళ్లు కాదు. ఆ వేషం చూసి పాన్ డబ్బా దగ్గర వాళ్లు, కూరగాయల బండ్ల వాళ్లు, గల్లీ పిల్లలు వెనకే రావడం మొదలుపెట్టారు. ఆయన గొడుగు ఇంకా కిందికి దించుకుని, నడిపిస్తున్న మేస్త్రిని గుద్దుకుంటూ నడిచాడు. ఆర్కిటెక్టు మేడం మాత్రం నూలు చీరలో, భుజాన గుడ్డసంచితో, ఎవరినో దారి అడుగుతూ ఒక్కతే వచ్చి, ఆయన కంటే ముందే మెట్లెక్కింది.

చాల్ మొత్తం గ్యాలరీలో, అంటే గదుల ముందు పొడుగాటి వరండాలో, నిలబడి ఉంది. తలుపుకి మామిడాకుల తోరణం. గడపకి అవ్వ అప్పుడే పసుపు మెత్తింది, ముద్దగా, తడితడిగా. పరంజా లేదు, గోనెలు లేవు. నేల తళతళలాడుతోంది. మేడం గడప దాటబోతే అవ్వ చేయి అడ్డం పెట్టింది. మొదట ఓనరు.

సేఠ్ బూట్లు విప్పాడు. కాళ్లకి పల్చటి సాక్సులు ఉన్నాయి.

"కుడికాలు!" అంది అవ్వ.

"కుడికాలు ముందు పెట్టమంటోంది సార్" అన్నాను హిందీలో.

నల్ల కళ్లద్దాల్లోంచి ఆయనకు గడప కనపడలేదు. కుడికాలు ఎత్తి, సరిగ్గా గడప మీదే, పసుపు ముద్దలోనే పెట్టాడు.

"అయ్యో, తొక్కిండే!" అని గ్యాలరీ అంతా ఒక్క గొంతుతో అంది.

ఆయన బెదిరి ఆ కాలిని గబుక్కున లోపలికి వేసి, ఎడమకాలు దాటించుకుని నిలబడ్డాడు. కదలబోతుంటే అవ్వ మళ్లీ చేయి ఎత్తింది. పాలు పొంగేదాకా ఓనరు కదలకూడదు. చిన్నమ్మ గది నడుమ చిన్న స్టవ్ పెట్టి పాలగిన్నె ఎక్కించింది. ఎవరో ఆయన మీద అక్షింతలు వేశారు. సేఠ్ ఒంటి బరువంతా పసుపు కాలి మీద మోపి, పాలకేసి చూస్తూ బొమ్మలా నిలుచున్నాడు. పాలు నిండుగా ఉన్నాయి, మంట సన్నగా ఉంది.

ఈలోగా మేడం మోకాళ్ల మీద కూర్చుని, సంచిలోంచి టార్చి తీసి, నేలకి ఆనించి వాలుగా వెలుతురు వేసింది. అలా వేస్తే ఎక్కడ అరిగిందో కనిపిస్తుంది. అటు చూసింది, ఇటు చూసింది.

"గోళీలు ఎక్కడ ఆడారు?" అంది.

నేనూ ఆ వెలుతురు వెంటే చూశాను. గోళీ పడితే నూనె కాదు, చెక్కే సొట్టపోతుంది. ఒక్క సొట్టా లేదు.

"ఇక్కడ ఒకే దారి ఉంది. తలుపు నుంచి మంచం దాకా. ఒక్క మనిషే నడిచింది. చెప్పులు లేవు. చిన్న పాదం." టార్చి వెలుతురు నేల మీదుగా నెమ్మదిగా వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది.

అవ్వకి హిందీ వచ్చు, తిట్టడానికి. మరాఠీ వచ్చు, కూరగాయలకి. కానీ పూజ లాంటి పని మీద ఉంటే తెలుగు తప్ప ఇంకో మాట రాదు. చేతులు జోడించి, సేఠ్ కేసి తిరిగి, బిగ్గరగా అంది: "సేఠ్, మీ నేల మీకు అప్పజెప్తున్న. ఆర్నెళ్లాయె. మా ఇంట్ల ఒక్క కాలు పడనియ్యలే. చూస్కోండ్రి."

"ఏమంటోంది?" అన్నాడు సేఠ్, మాస్కులోంచి ఆశగా.

నేను ఆయన్ని చూశాను. మేడం టార్చి ఆర్పి నా మొహమే చూస్తోంది.

"అందరూ బాగా నడిచామంటోంది సార్" అన్నాను.

గ్యాలరీలో గుసగుసలు ఆగిపోయాయి. రెండు భాషలూ తెలిసినవాళ్లు అక్కడ నలభై మంది ఉన్నారు. మేస్త్రి పైకప్పు దూలాలు చూడటం మొదలుపెట్టాడు. అవ్వ నా వైపు తిరిగింది. ఆమెకి అంత మాత్రం హిందీ అర్థమవుతుందని నాకు గుర్తులేదు.

"నేను గట్లన్ననా?" అంది.

తిట్టలేదు. అడిగింది, అంతే. యాభై ఏళ్లలో ఎవరి నేలనీ ఆమె తొక్కలేదు. ఆ ఒక్క గొప్పనీ ఓనరు ముందు నేను చెరిపేశాను.

పిల్లలూ, నేను ఎక్కువ మాట్లాడలేదు. హిందీలో నాలుగు వాక్యాలు. అవ్వ అన్నది ఇది కాదు. ఈ నేల మీద ఆరు నెలలుగా నేను తప్ప ఎవరూ నడవలేదంటోంది, మీ నేలని మీకోసం కాపాడిందట. రిపోర్టుల్లో ఉన్నదేదీ నేను చూసి రాసింది కాదు. నిన్నటిదాకా నాకూ తెలియదు. అప్పటిదాకా ఎవరి ముందూ అంతసేపు మాట్లాడి ఎరగను. 

సరిగ్గా అప్పుడే పాలు పొంగాయి.

అవ్వ కొబ్బరికాయ కొట్టి, "ఇగ రాండ్రి!" అంది. తర్వాత జరిగింది నేను ఏ రిపోర్టులోనూ ఊహించి రాయలేనిది. ఆరు నెలలు ఆగిన తొమ్మిది మంది, వాళ్ల వెనక చాల్, చాల్ వెనక గొడుగుని వెంబడించి వచ్చిన గల్లీ అంతా ఒక్కసారిగా ఆ నేల మీదికి వచ్చారు. పాలు తొక్కారు, కొబ్బరినీళ్లు తొక్కారు. చిన్నమ్మ మాట నిలబెట్టుకోవడానికి పనిగట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తోంది. పిల్లలు గోళీలు తెచ్చి మేడం కళ్లముందే ఆడి చూపించారు. సేఠ్ మాత్రం, కదలొచ్చని ఎవరూ చెప్పలేదు కాబట్టి, గడప లోపలే అలాగే నిలబడి ఉన్నాడు. జనం ఆయన చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

మేడం అవ్వ మంచమెక్కి కూర్చుని, నోట్‌బుక్ తీసి రాసుకుంది. గంట తర్వాత నేల తుడిపించి చూసింది. పాల మరక లేదు. కొబ్బరినీళ్ల మరక లేదు. గోళీల సొట్టలు ఏడు. స్టవ్ వేడికి తెల్లటి వలయం ఒకటి.

"ఇది పోతుందా?" అని మేస్త్రిని అడిగింది.

మేస్త్రి గరుకు కాగితంతో ఆ వలయం మీద రుద్ది, సీసాలోంచి నాలుగు చుక్కలు పోసి గుడ్డతో పూశాడు. వలయం మాయమైంది. మేడం అక్కడ వేలితో రాసి చూసి, సేఠ్ కేసి తిరిగి, "అరగదు అని ఆరు రిపోర్టులు పంపారు. ఇది బాగవుతుంది అని ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?" అంది. పడగ్గదులకి ఇదే వేయిస్తానంది. వంటిళ్లకి, హాళ్లకి వేరే చూసుకుంటానంది. అవ్వ చేతి పాయసం తిని, మళ్లీ దారి అడుగుతూ వెళ్లిపోయింది.

సేఠ్‌కి పడగ్గదులు దక్కాయన్నది వినపడలేదు, హాళ్లు పోయాయన్నదే వినపడింది. మోరీ దగ్గర సాక్సు విప్పి పిండుకుని, మెట్లు దిగుతూ మలుపులో ఆగాడు. మిగతాది మొదట్లోనే చెప్పాను. నన్ను తీసేయడం న్యాయమే. కాకపోతే ఆయన తీసేసింది హిందీలో చెప్పిన నాలుగు నిజాలకి. తీసేయాల్సింది ఇంగ్లీషులో రాసిన ఆరు అబద్ధాలకి.

ఆ రోజు నుంచి అవ్వ ఖోలీలో అందరూ నేల మీదే నడుస్తున్నారు. నేను డైరీ రాస్తూనే ఉన్నాను, చూసింది మాత్రమే. రెండు వానాకాలాలకి తలుపు దగ్గర మూరెడు మేర మసకబారింది. మోరీ అంచున నీళ్లు నిలిచి నల్లబడింది. రెండు చోట్లా నేనే రుద్ది, నూనె పూశాను. గుడ్డని నీళ్లలో ముంచాను. అరగంట పని.

ఒక్కటి మాత్రం అలాగే ఉంది. గడప లోపల, జానెడు దూరంలో, అయిదు వేళ్లూ మడమా తెలిసేలా పసుప్పచ్చటి కుడిపాదం. నూనె పాలని ఆపింది, నీళ్లని ఆపింది. అంతసేపు అదిమిపెట్టిన పసుపుని ఆపలేకపోయింది. అందరూ నేలంతా తొక్కుతారు కానీ అక్కడికి రాగానే పక్కకి జరుగుతారు. కొత్త చుట్టం ఎవరైనా తెలియక కాలు వేయబోతే, "ఓనరు కాలు, ఓనరు కాలు!" అని పిల్లలు అరుస్తారు. శుక్రవారాలు దానికో కుంకుమ బొట్టు కూడా పడుతుంది.

కామాఠిపురాలో తన నీడ కూడా ఎవరికీ కనపడకూడదని గొడుగేసుకొచ్చిన మనిషి పాదం అది. ఈ సంగతి ఎలాగో ఆయన ఇల్లు చేరిందట. ఒకరోజు మేస్త్రి గరుకు కాగితంతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అవ్వా, సేఠ్ గీకి రమ్మన్నడు. ఆయన ఇంట్ల లొల్లి అయితుందంట."

"ఓనరు కాలును గీకుతవా?" అంది అవ్వ. "కూసో, చాయ్ తాగి పో."

మేస్త్రి చాయ్ తాగి పోయాడు.

మర్నాడు నా ఫోన్‌కి సేఠ్ మెసేజ్ వచ్చింది. తీసేశాక మొదటిసారి. కస్టమర్లంతా ఆయన్ని అడిగే ప్రశ్ననే ఆయన నన్ను అడిగాడు: 'ఆ మరక ఎన్నేళ్లు నిలుస్తుంది?'

 వర్షం, పిల్లలు, పరుగులు ఏమీ పెట్టలేదు. పైకి వెళ్లి, ఆ పాదం పక్కన కూర్చుని, చూసి, నా ఏడో రిపోర్టు రాసి పంపాను.

'పసుపు ఎండకి పోతుంది సార్. మా అవ్వ గదికి ఎండ రాదు.'